టెలిస్కోపు మౌంటు

టెలిస్కోపు గొట్టాన్ని కదలకుండా నిలిపి, కోరిన దిక్కుకు తిప్పే వీలు కల్పించే ఆధారాన్ని మౌంటు అంటారు. ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు వాడేవి ప్రధానంగా రెండు రకాలు.

ఆల్ట్-అజిమత్: గొట్టం పైకీ కిందికీ, పక్కలకూ తిరుగుతుంది. అమర్చడం సులువు, ధర తక్కువ. అయితే భూభ్రమణం వల్ల నక్షత్రాలు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్టు కనిపిస్తాయి. వాటిని అనుసరించాలంటే రెండు అక్షాలనూ తిప్పుతుండాలి. మోటార్లు ఆ పని చేసినా దృశ్యక్షేత్రం మెల్లగా తిరిగిపోతుంది. దాంతో ఎక్కువసేపు తీసే ఫొటోల అంచుల్లో నక్షత్రాలు గీతల్లా సాగుతాయి. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన డాబ్సోనియన్ ఈ రకానిదే. ప్లైవుడ్, టెఫ్లాన్ ముక్కలతో ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. పెద్ద అద్దాలనూ మోస్తుంది.

ఈక్వటోరియల్: ఇందులో ఒక అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున తిప్పితే చాలు. ముందుగా దాన్ని స్థానిక అక్షాంశానికి సమానమైన కోణంలో ధ్రువం వైపు ఎత్తిపెట్టాలి. హైదరాబాద్‌లో అది సుమారు 17.4 డిగ్రీలు. జర్మన్ తరహా మౌంటులో గొట్టానికి సమతూకంగా ఎదురు బరువులు కావాలి కాబట్టి మోయాల్సిన బరువు ఎక్కువ.

చంద్రుణ్ణి, గ్రహాలను కంటితో చూసేందుకు డాబ్సోనియన్, నీహారికల ఫొటోలకు మోటారున్న ఈక్వటోరియల్ అనువైనవి.