పాకశాలలో పాలరాయి

జీర్ణోద్ధరణ సమయమున పాకశాలలోని పాలరాతి అరుగును ఏల మార్చితిరని పలువురు అడుగుచున్నారు. దానిని సమర్పించిన కుటుంబము కొంత నొచ్చుకొన్నది కూడ. కనుక ఆ శిల చరిత్రను మనవి చేయుచున్నాను.

రాజస్థానమందలి మక్రానా పాలరాయి జగద్విఖ్యాతము. 1632 ప్రాంతమున ఆరంభమైన తాజ్‌మహల్, 1921లో ప్రారంభింపబడిన కలకత్తా విక్టోరియా మెమోరియల్ ఆ శిలతోనే వెలుగుచున్నవి. అవి దర్శించుటకు కట్టినవి; అచ్చట ఎవరును పులుసు కాచలేదు! సున్నపురాయియే భూగర్భమున వేడికి, ఒత్తిడికి లోనై పాలరాయిగా మారును. అందుచే చింతపండు రసము గాని, నిమ్మరసము గాని పడినచో పైపొర కరగి నునుపు పోవును. కడిగినచో పోవుటకు అది మరక కాదు, రాయియే తరిగినది. మరల సానపట్టవలసినదే. మన అరుగుపై ఏండ్ల తరబడి పులిహోర కలిపితిమి. ఆ దోషము మాది, దాతలది కాదు.

చీమకుర్తి గ్రానైటు ఈ పులుపునకు చలింపదు. పులిహోర కలుపు అరుగునకు ఇప్పుడు దానినే పరపించితిమి. పాలరాయి సహజముగా చల్లన. పిండిపనికి మిక్కిలి అనుకూలము. పాత పలకలను సానపట్టించి, బొబ్బట్లు ఒత్తు చోట అమర్చితిమి. దాతల నామఫలకము కూడ ఆ ప్రక్కనే గోడకు ఉన్నది.