భవనమే ఔషధమైన కాలం: క్షయ శానటోరియంల నిర్మాణ చరిత్ర

క్షయకు మందు లేని రోజుల్లో వైద్యులు రోగికి ఇవ్వగలిగినవి గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం. వీటిలో మొదటి మూడూ చాలావరకు భవనంపై ఆధారపడినవి. అందువల్ల శానటోరియం నిర్మాణమే ఒక చికిత్సా సాధనంగా రూపొందింది. ఆ భావన ఎలా ఏర్పడింది, ఎందుకు సడలింది అన్నది ఈ వ్యాస విషయం.

1850వ దశకంలో హెర్మన్ బ్రేమర్ సైలీషియా కొండల్లోని గోర్బర్స్‌డార్ఫ్‌లో రోగులకు స్వచ్ఛమైన గాలి, క్రమబద్ధమైన నడక విధించాడు. ఆయన శిష్యుడు పీటర్ డెట్‌వైలర్ 1876 నుంచి ఫాల్కెన్‌స్టైన్‌లో నడక కన్నా ఆరుబయట పడక కుర్చీలో విశ్రాంతికే ప్రాధాన్యమిచ్చాడు. దీంతో పొడవైన వరండా శానటోరియంకు ముఖ్యాంగమైంది. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని గుర్తించాక ఇది అంటువ్యాధి అని స్థిరపడింది. రోగిని వేరుగా ఉంచడం, దుమ్ము చేరని గదులు కట్టడం కూడా నిర్మాణ లక్ష్యాలయ్యాయి.

ఈ ఆలోచనకు పరిపక్వ రూపం ఫిన్లాండ్‌లో 1933లో ప్రారంభమైన పైమియో శానటోరియం. వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో దానిని పడుకొని ఉన్న మనిషి దృష్టి నుంచి రూపొందించాడు. కళ్లకు శ్రమ కలగకుండా పైకప్పుకు ముదురు ఆకుపచ్చ రంగు వేయించాడు. పక్క మంచం రోగి నిద్ర చెడకుండా నీటి చప్పుడు వినిపించని చేతులు కడుగు తొట్టెను రూపొందించాడు.

తెలుగునాట మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం శానటోరియం ఈ ఉద్యమానికి చెందినదే. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాని తొలి సారథి.

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనడంతో పరిస్థితి మారసాగింది. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో 193 మంది రోగులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి శానటోరియంలోనూ, మరొక వర్గానికి తమ ఇళ్లలోనూ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ మందులు ఇచ్చారు. 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇరుకు ఇళ్లు, చాలని తిండి కూడా మందుల ప్రభావాన్ని అడ్డుకోలేదు.

దీన్నిబట్టి పాత శానటోరియంలు వ్యర్థమని తేల్చడం సరికాదు. మద్రాసు అధ్యయనంలో ఇరువర్గాలకూ మందులు అందాయి. మందులు లేని కాలంలో భవనం చేసిన మేలును అది కొలవలేదు. పైగా పైమియోలో ఆల్టో వేసుకున్న ప్రశ్న, అంటే రోజంతా పడుకొని ఉండే రోగికి ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది అన్నది, మందులతో తీరేది కాదు. శానటోరియం చరిత్రను వైద్య ఫలితాలతో పాటు ఈ ప్రశ్నతోనూ అంచనా వేయవలసి ఉంది.