ఆఫ్రికా సంఘకాపరుల చదువు: అలెగ్జాండ్రియా నుంచి అక్రోపాంగ్ దాకా

కెన్యా దైవశాస్త్రవేత్త జాన్ ఎంబిటి 1970లలో ఒక కథ రాశాడు. ఆఫ్రికా యువకుడొకడు విదేశంలో తొమ్మిదేళ్లకు పైగా చదివి, గ్రీకు, హీబ్రూ, లాటిన్, జర్మన్ నేర్చుకుని, డాక్టరేటు పట్టాతో, పెట్టెల నిండా పుస్తకాలతో సొంత ఊరికి తిరిగొస్తాడు. ఊరంతా విందుకు చేరుతుంది. ఇంతలో అతని అక్క కేక పెట్టి నేలమీద పడిపోతుంది. చనిపోయిన పెద్దమ్మమ్మ ఆత్మ పట్టిందంటారు చుట్టాలు. ఇన్నేళ్లు దేవుడి చదువే చదివొచ్చావు కదా, ఏదైనా చెయ్యి అని అతని మొహంలోకి చూస్తారు. అతను జర్మన్ పండితుడు బుల్ట్‌మన్ పుస్తకం తిరగేస్తాడు. బైబిలులోని దయ్యాల సంగతులు పాతకాలపు మనుషుల ఊహాభాష అని అందులో ఉంటుంది.

ఆఫ్రికాలో బోధకుల శిక్షణ గురించి ఎప్పుడు చదివినా నాకు ఆ అక్కే గుర్తొస్తుంది. బైబిలును ఎవరి భాషలో, ఎవరి ప్రశ్న ముందు పెట్టుకుని చదవాలన్నదే ఈ చరిత్ర పొడవునా నడిచిన వాదం.

ఈ చరిత్రను తెల్ల మిషనరీలతో మొదలుపెడితే పదహారు వందల ఏళ్లు వదిలేసినట్టే. బైబిలును ఎలా చదవాలని క్రైస్తవ ప్రపంచం అడగడం నేర్చుకున్నదే చాలావరకు ఆఫ్రికా నేలమీద. రెండో శతాబ్దం చివర అలెగ్జాండ్రియాలో పాంటేనస్ నడిపిన పాఠశాలలో తరవాత క్లెమెంటు, ఒరిజెన్ బోధించారు. మనిషికి శరీరం, ప్రాణం, ఆత్మ ఉన్నట్టే లేఖనానికీ మూడంచెల అర్థం ఉందన్నాడు ఒరిజెన్. ఇప్పటి అల్జీరియాలోని హిప్పో పట్టణానికి బిషప్ అయిన అగస్టీన్, బైబిలు వ్యాఖ్యానం మీద, ప్రసంగం మీద ఒక పుస్తకం 396 ప్రాంతంలో మొదలుపెట్టి మధ్యలో ఆపేసి, ముప్ఫై ఏళ్ల తరవాత పూర్తిచేశాడు. అందులో టికోనియస్ ఏర్పరిచిన ఏడు వ్యాఖ్యాన సూత్రాలను వివరించాడు. టికోనియస్ అగస్టీన్‌కు ప్రత్యర్థులైన డొనాటిస్టుల పక్షం మనిషి. అయినా పనికొచ్చే మాటను స్వీకరించాడు. సొంతంగా ప్రసంగం అల్లలేని బోధకుడు ఇంకొకరు రాసినదాన్ని కంఠతా పట్టి చెప్పినా తప్పులేదని కూడా రాశాడు. పల్లె బోధకుల కష్టం దగ్గరగా చూసినవాడు రాసే మాట అది.

ఉత్తర తీరంలో ఆ వెలుగు సన్నగిల్లినా ఇథియోపియాలో దీపం ఆరలేదు. అక్కడి వేదపాఠశాలలు మన పాతకాలపు గురుకులాలను తలపిస్తాయి. పిల్లలు ఇల్లు వదిలి గురువు దగ్గరికి వెళతారు, ఊళ్లో బిచ్చమెత్తి తింటారు, మనవాళ్లు మధూకరం చేసి చదువుకున్నట్టే. ముందు చదవడం, తరవాత కీర్తన, కవిత్వం, చిట్టచివర వ్యాఖ్యానం. ఆ వ్యాఖ్యాన పద్ధతి పేరు అందెమ్త. గురువు గీజ్ భాషలోని వాక్యం చదివి అమ్హారిక్‌లో ఒక అర్థం చెప్పి, ‘మరొకటి ఏమంటే’ అంటూ ఇంకో అర్థం చెబుతాడు. వాటన్నిటినీ శిష్యుడు నోటికి పట్టాలి. వాక్యం పూజాభాషలో, వివరణ జనభాషలో ఉండే ఈ ఏర్పాటు బయటినుంచి వచ్చిన ఏ సెమినరీ చెప్పి పెట్టిందీ కాదు.

మిషనరీల కాలానికి వస్తే, సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో 1827లో చర్చ్ మిషనరీ సొసైటీ ఫోరా బే కళాశాల తెరిచింది. మొదటి విద్యార్థుల్లో శామ్యూల్ అజాయి క్రౌథర్ ఒకడు. 1821లో బానిసల వేటగాళ్లకు చిక్కి, మరుసటి ఏడు బ్రిటిష్ నౌకాదళం విడిపించిన యొరుబా కుర్రవాడు. 1843లో పాదిరి పట్టం అందుకున్నాడు. మరుసటి ఏడాది మొదట్లోనే ఫ్రీటౌన్‌లో యొరుబా భాషలో ఆరాధన జరిపి ప్రసంగించాడు. తనలాగే బానిసత్వం నుంచి విడుదలై, ఇంగ్లిషు ప్రార్థనలు వింటూ గడిపిన జనం ఆ రోజు సొంత భాషలో వాక్యం విన్నారు. బైబిలు అనువాదానికి కూర్చున్నాక క్రౌథర్ నిఘంటువుతో సరిపెట్టుకోలేదు. ముసలివాళ్ల మాటలు చెవొగ్గి విన్నాడు, సామెతలు పోగుచేశాడు. 1884లో యొరుబా బైబిలు పూర్తయింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప పాఠశాల ఆ అనువాదపు బల్ల. ఒక మాటకు సొంత భాషలో సరైన మాట వెతికే బోధకుడు ఆ వాక్యాన్ని చదివినంత లోతుగా ఇంకెవరు చదవగలరు?

ఆ క్రౌథర్ 1864లో బిషప్ అయ్యాడు. 1890లో ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర మిషనరీలు ఆయన నైజర్ మిషన్‌లోని ఆఫ్రికా బోధకులను పనికిరానివాళ్లని ముద్రవేసి తొలగించారు. వృద్ధ బిషప్ మనసు విరిగి 1891 డిసెంబరు 31న కన్నుమూశాడు. ఆయన స్థానంలో ఆంగ్లేయుణ్ని కూర్చోబెట్టారు. చదువు నేర్పినవాళ్లే ఆ చదువును నమ్మకపోవడం ఎంత అన్యాయం! ఫోరా బే అప్పటికే, 1876 నుంచి, ఇంగ్లండులోని డరమ్ విశ్వవిద్యాలయం డిగ్రీలు ఇస్తోంది. అంటే పాఠ్యాంశాలూ పరీక్షలూ అక్కడివే.

కళాశాలల లెక్కకు అందకుండా ఇంకొకటి జరిగింది. లైబీరియాకు చెందిన విలియం వేడ్ హారిస్ తెల్లని అంగీ వేసుకుని, వెదురు కర్ర సిలువ పట్టుకుని 1913, 1914లలో ఐవరీ కోస్ట్ తీరం వెంట కాలినడకన సువార్త ప్రకటిస్తూ వెళ్లాడు. లక్షమంది దాకా బాప్తిస్మం తీసుకున్నారని అంచనా. ఫ్రెంచి పాలకులు ఆయన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. 1924లో మెథడిస్టు మిషనరీ వచ్చేసరికి ఊరూరా ప్రార్థనా మందిరాలు, బైబిలును వివరించే మనిషి కోసం పదేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న జనం. సంఘం ముందు పుట్టి కాపరి తరవాత రావడం ఆఫ్రికాలో మామూలైపోయింది. ప్యూ పరిశోధన సంస్థ లెక్క ప్రకారం సహారాకు దక్షిణాన 1900లో 70 లక్షలున్న క్రైస్తవులు 2010 నాటికి 47 కోట్లయ్యారు. ఏ కళాశాల ఆ వేగం అందుకోగలదు?

ఈ లోటును గట్టిగా పలికిన వేదిక మన పక్కనే ఉంది. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో అంతర్జాతీయ మిషనరీ మహాసభ జరిగింది. దోర్నకల్ బిషప్ అజరయ్య, దక్షిణాఫ్రికా నుంచి ఆల్బర్ట్ లుతులీ అందులో పాల్గొన్నారు. మిషన్ల పని మొత్తంలో బోధకుల శిక్షణ అతి బలహీనమైనవాటిలో ఒకటని ఆ సభ తేల్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆఫ్రికా సెమినరీల మీద సర్వేలు జరిగాయి. మొదటిదాన్ని రాసిన స్టీఫెన్ నీల్ అంతకుముందు తిరునెల్వేలి బిషప్. 1958లో ఘనాలో ముగిసిన మరో మిషనరీ మహాసభ 40 లక్షల డాలర్లతో దైవశాస్త్ర విద్యా నిధి పెట్టింది. భవనాలు, గ్రంథాలయాలు వచ్చాయి.

భవనాలతో తీరని చిక్కు ఒకటుంది. పొలం, పిల్లలు, నాలుగైదు సంఘాలు ఉన్న కాపరి మూడేళ్లు హాస్టల్లో ఎలా ఉంటాడు? 1963లో గ్వాటెమాలాలో మొదలైన విస్తరణ విద్య దీనికి జవాబు చూపింది. ఇంటిదగ్గర పాఠం చదువుకోవడం, వారానికోసారి గురువుతో కూడి చర్చించడం, ఆదివారం అదే పాఠాన్ని సంఘం ముందు పరీక్షకు పెట్టడం. దక్షిణాఫ్రికాలో 1976లో ఇందుకోసమే కళాశాల వెలిసింది. అంతకు కొద్దిగా ముందే అక్కడి వర్ణవివక్ష ప్రభుత్వం, నల్ల బోధకులు చదువుకునే ఆలిస్ పట్టణంలోని ఫెడరల్ సెమినరీ స్థలాన్ని లాక్కుంది. బైబిలును తమ కళ్లతో చదివే కాపరులంటే ఆ పాలకులకు భయం.

ఏమి నేర్పాలన్న గొడవ మాత్రం తేలలేదు. నైజీరియాకు చెందిన బ్యాంగ్ కాటో 1975లో రాసిన పుస్తకంలో ఎంబిటిని తప్పుపట్టాడు: స్థానిక మతాలతో సర్దుకుపోతే లేఖనం పలచబడుతుందని. ఆ ఏడాది డిసెంబరులోనే మొంబాసాలో, 39 ఏళ్లకే పోయాడు. ఉన్నత చదువు ఆఫ్రికాలోనే దొరకాలన్న ఆయన కల 1977లో బాంగీలో, 1983లో నైరోబీలో కళాశాలలై నిలిచింది. ఈ వాదంలో ఇద్దరి మాటా నాకు విలువైనదే, కాని కిందపడిన అక్కకు జవాబు కాటో ఒక్కడి దగ్గరే దొరకదు. దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో జెరాల్డ్ వెస్ట్ బృందం పండితులను, చదువురాని స్త్రీలను ఒకే వలయంలో కూర్చోబెట్టి, ప్రసంగాల్లో ఎవరూ ఎత్తని తామారు కథ, సవతి అన్న చేతిలో అత్యాచారానికి గురైన రాకుమారి కథ, చదివించింది. బోట్స్వానా పండితురాలు మూసా దూబె హెచ్ఐవీని సెమినరీ పాఠాల్లోకి తెచ్చింది. 2006లో 70 మంది ఆఫ్రికా పండితులు కలిసి మొత్తం బైబిలుకు ఒకే సంపుటిలో వ్యాఖ్యానం వెలువరించారు. పేదరికం, యుద్ధం, శరణార్థుల బతుకు మీద వ్యాసాలు ఆ వ్యాఖ్యానం మధ్యలోనే ఉన్నాయి.

చివరగా మళ్లీ అనువాదపు బల్ల దగ్గరికే వద్దాం. ఘనాలోని అక్రోపాంగ్‌లో బాసెల్ మిషన్ 1848లో బోధకుల పాఠశాల పెట్టింది. అక్కడి మిషనరీ క్రిస్టాలర్ 1871లో స్థానిక త్వీ భాషలో బైబిలు పూర్తిచేశాడు. 1987లో ఘనా దైవశాస్త్రవేత్త క్వామే బెదియాకో క్రిస్టాలర్ పేరుతో, త్వీ పండితుడు అక్రోఫీ పేరు కలిపి, ఒక అధ్యయన సంస్థ స్థాపించాడు. మాతృభాషలో బైబిలు వ్యాఖ్యానం ఇప్పుడు అక్కడ పైచదువుల పాఠ్యాంశం.