మున్సిఫ్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా: తొలి మహిళా జడ్జీలు నడిచిన దారి

కర్నూలు, కడప జిల్లాల్లో పెద్దవాళ్ళు జూనియర్ సివిల్ జడ్జి కోర్టును ఇప్పటికీ ‘మున్సిఫ్ కోర్టు’ అనే అంటారు. మున్సిఫ్ అంటే ఇన్సాఫ్ చేసే మనిషి. మన దేశంలో ఆడవాళ్ళు జడ్జి కుర్చీలోకి వచ్చింది ఈ చిన్న కోర్టు మెట్టు నుంచే. తిరువాన్కూరు సంస్థానంలో 1937లో అన్నా చాందీ మున్సిఫ్ అయ్యారు. 1959లో కేరళ హైకోర్టుకు చేరి, దేశంలో హైకోర్టు జడ్జి అయిన మొదటి మహిళగా నిలిచారు.

ఫాతిమా బీవీ

ఆమెను చూసి తన కూతురినీ లా చదివించాలని ఒక తండ్రి పట్టుబట్టారు. ఆయన పేరు మీరా సాహిబ్, పతనంతిట్టలో ప్రభుత్వ ఉద్యోగి. కూతురు ఫాతిమా బీవీ 1927లో పుట్టారు. సైన్సులో పై చదువు చదవాలని ఆమెకు ఉన్నా, అబ్బా మాట విని లా కాలేజీలో చేరారు. 1950లో బార్ కౌన్సిల్ పరీక్షలో మొదటి స్థానం, బంగారు పతకం సాధించి వకీలు అయ్యారు. 1958లో మున్సిఫ్, 1974లో జిల్లా జడ్జి, 1983లో కేరళ హైకోర్టు జడ్జి. 1989 అక్టోబర్ 6న సుప్రీంకోర్టులో ప్రమాణం చేశారు. ఆ కోర్టు మొదలై అప్పటికి 39 ఏళ్ళు. అక్కడికి వచ్చిన మొదటి మహిళ ఆమే. తర్వాత తమిళనాడు గవర్నర్‌గా కూడా పనిచేశారు. 2023 నవంబర్ 23న కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆమెకు పద్మభూషణ్ ప్రకటించారు.

తెలుగు నేలపై

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1956లో ఏర్పడితే, అందులో మొదటి మహిళా జడ్జిగా జస్టిస్ కె.అమరేశ్వరి వచ్చింది 1978లో. అంటే 22 ఏళ్ళ తర్వాత. 2001లో ఇదే హైకోర్టుకు జడ్జిగా వచ్చిన జస్టిస్ జి.రోహిణి 2014లో ఢిల్లీ హైకోర్టుకు మొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తెలంగాణ హైకోర్టుకు ఆ స్థానంలో మొదటి మహిళ జస్టిస్ హిమా కోహ్లీ, 2021లో.

లెక్కలు చెప్పేది

2023లో సుప్రీంకోర్టు వెలువరించిన నివేదిక ప్రకారం జిల్లా, కింది కోర్టుల జడ్జీల్లో మహిళలు 36.3 శాతం. హైకోర్టుల్లో 13.4 శాతమే. ఎందుకింత తేడా? కింది కోర్టుకు పరీక్ష ఉంది. బాగా రాసిన అమ్మాయిని ఎవరూ ఆపలేరు. హైకోర్టుకు పరీక్ష లేదు. సీనియర్ వకీళ్ళ నుంచీ, జిల్లా జడ్జీల నుంచీ కొలీజియం పేర్లు ఎంపిక చేస్తుంది. బార్‌లో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి నిలబడితేనే ఆ జాబితాలో వాళ్ళ పేర్లు కనబడతాయి.

మన అమ్మాయిలకు దారి

ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ళ కోర్సు ఉన్నాయి. రెండింటికీ లాసెట్ రాయాలి. అర్హత ఉన్న ముస్లిం కుటుంబాలకు బీసీ-ఈ కింద సీట్లలో 4 శాతం రిజర్వేషన్ ఉంది. లా పాసయ్యాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సివిల్ జడ్జి నియామకం హైకోర్టు చేతిలో ఉంటుంది: ముందు స్క్రీనింగ్ టెస్టు, తర్వాత రాత పరీక్ష, చివర ఇంటర్వ్యూ.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, ఈ పరీక్ష రాయాలంటే మూడేళ్ళ ప్రాక్టీస్ మళ్ళీ తప్పనిసరి అయింది. బార్‌లో తాత్కాలికంగా పేరు నమోదైన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది. జడ్జి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా కలుపుతారు.

మన ఇళ్ళలో చాలాసార్లు కథ ఆగేది సరిగ్గా ఈ మూడేళ్ళ దగ్గరే. చదువు అయిపోయింది కదా, ఇక నిఖా చేసేద్దాం అంటారు. జూనియర్ వకీలుకు చేతికొచ్చేది తక్కువ, రోజూ కోర్టుకు పోయిరావాలి, అందుకని మాన్పిస్తారు. పట్టా మాత్రం బీరువాలో ఉండిపోతుంది. ఆ మూడేళ్ళు ఆమెను కర్నూలో, కడపో, ఆదోనో, ప్రొద్దుటూరో కోర్టుకు పంపగలిగితే పరీక్ష హాలు తలుపు తెరుచుకుంటుంది. పెళ్ళి చేసినా సరే, ప్రాక్టీస్ సాగేలా ఆ మాట నిశ్చితార్థం రోజే మాట్లాడుకోవచ్చు.

ఫాతిమా బీవీ వకీలు అయిన రోజుకూ, మున్సిఫ్ అయిన రోజుకూ మధ్య ఏడేళ్ళకు పైగా గడిచాయి. మనల్ని అడుగుతున్నది మూడేళ్ళే.