ఇల్లు పోయినా అప్పు పోలేదు: దుబాయ్‌లో ఆ రెండేళ్ళు

అమెరికాలో ఉన్న మన చుట్టాల నోట "షార్ట్ సేల్" అన్న మాట మీరు వినే ఉంటారు. ఇంటి ధర అప్పు కంటే కిందికి పడిపోయినప్పుడు, బ్యాంకును ఒప్పించి, వచ్చిన ధరకే ఇల్లు అమ్మేయడం అన్నమాట. లెక్క కోసం అప్పు ఎనిమిది లక్షలు, ఇల్లు పలికేది ఐదు అనుకుందాం. బ్యాంకు ఆ ఐదు తీసుకుని తాకట్టు వదిలేస్తుంది. మిగతా మూడు మాఫీ అవుతుందా, లేక తర్వాత మళ్ళీ అడుగుతారా అన్నది బ్యాంకు ఇచ్చే ఉత్తరాన్ని బట్టి, ఆ రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే, షార్ట్ సేల్‌కి ఒప్పుకున్న బ్యాంకు మిగిలిన బాకీ అడగకూడదని 2011లో చట్టమే చేశారు. అందుకే అక్కడి లాయరు చూపంతా ఆ ఉత్తరం మీదే ఉంటుంది.

అదే సంక్షోభం 2008 చివర్లో దుబాయ్‌కీ వచ్చింది. ఇక్కడి లాయరు మాత్రం ముందు ఇంటి ధర సంగతి ఎత్తడు. ఎన్ని చెక్కులు ఇచ్చారు, సంతకం ఎవరిది అని అడుగుతాడు. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

విదేశీయులు దుబాయ్‌లో సొంతంగా ఇల్లు కొనుక్కోవచ్చని 2002లో ప్రకటించారు. దానికి పూర్తి చట్టరూపం వచ్చింది మాత్రం 2006లో, 7వ నంబరు చట్టంతో. మధ్యలో నాలుగేళ్ళు జనం బిల్డరు రాసిచ్చిన ఒప్పందాన్ని నమ్ముకునే కొన్నారు. అందులోనూ చాలావరకు "ఆఫ్ ప్లాన్", అంటే ఇంకా లేవని భవనాలు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టని ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు! కొనేవాళ్ళు కట్టిన సొమ్ము బిల్డరు చేతికి పోకుండా విడిగా ఎస్క్రో ఖాతాలో ఉండాలన్న చట్టం 2007లో వచ్చింది. తాకట్టు చట్టం 2008లో వచ్చింది. పరుగు మొదలైన చాలా కాలానికి గానీ నియమాలు రాలేదన్నమాట.

2008 నవంబరులో ఇళ్ళ అప్పులిచ్చే పెద్ద సంస్థలు అమ్లాక్, తమ్‌వీల్ కొత్త అప్పులు ఆపేశాయి. కొనేవాడికి అప్పు పుట్టకపోతే అమ్మేవాడికి దారేదీ? ధరలు సగానికి సగం పడ్డాయి. ఉద్యోగాలూ పోయాయి. అప్పట్లో ఉద్యోగం పోతే వీసా రద్దు, రద్దయ్యాక దేశం విడవడానికి నెల రోజుల గడువే ఉండేది. మన దగ్గర అప్పు తీరకపోతే ఊళ్ళోనే ఉండి బ్యాంకు మేనేజరు కాళ్ళావేళ్ళా పడతాం. ఇక్కడ ఆ టైమే లేదు. 2009 నవంబరు 25న దుబాయ్ వరల్డ్ సంస్థే తన అప్పుల చెల్లింపుకి గడువు కావాలంది. డిసెంబరులో అబుదాబి 1,000 కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. ఇంటి కిస్తీ కట్టలేని కుటుంబానికి అలాంటి అన్నయ్య ఎవరున్నారు?

అసలు భయం చెక్కు. వాయిదాలకి గానీ అప్పుకి హామీగా గానీ ముందు తేదీలు వేసిన చెక్కులు తీసుకోవడం ఇక్కడి రివాజు. 1987 నాటి శిక్షాస్మృతి 401వ అధికరణం ప్రకారం ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే అది నేరం; జరిమానా లేదా జైలు. జైలుకి వెళ్ళొచ్చినా బాకీ అలాగే ఉండేది. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి: జైల్లో ఉన్నవాడు సంపాదించి కట్టేదెలా? అందుకే చాలామంది కేసు పడకముందే విమానం ఎక్కారు. ఎయిర్‌పోర్టులో తాళాలతో సహా వదిలేసిన కార్లు మూడువేలని పత్రికలు రాశాయి, పోలీసులు కాదన్నారు. ఎన్నైతేనేం, ఆ కార్ల కథ కరామాలో, షార్జాలో ప్రతి వంటింట్లోనూ చెప్పుకున్నారు.

ఇక ఇంటి సంగతి. 2008 తాకట్టు చట్టం ప్రకారం నోటరీ ద్వారా 30 రోజుల నోటీసు, తర్వాత కోర్టు జప్తు, బహిరంగ వేలం. వేలంలో అప్పుకి సరిపడా రాకపోతే తక్కువ పడింది మీరే కట్టాలి. వేలం దాకా పోకుండా మీరే అమ్ముకున్నా అంతే. బ్యాంకు మొత్తం బాకీ ఎంతో కాగితం రాసిస్తుంది, అంతా ముట్టాకే తాకట్టు విడుదల చేస్తుంది. తగ్గించుకుని వదిలేయాలని బ్యాంకు మీద చట్టపరంగా ఒత్తిడి లేదు. ఆఫ్ ప్లాన్ కొని మధ్యలో ఆగినవాళ్ళది ఇంకో బాధ: 2009లో చేసిన సవరణతో, భవనం ఎంతవరకు పూర్తయిందో దాన్ని బట్టి బిల్డరు ఒప్పందం రద్దుచేసి ఫ్లాటు విలువలో 40 శాతం దాకా ఉంచేసుకోవచ్చు.

మార్పులు మెల్లగా వచ్చాయి. ఇంటి ధరలో ఎంతవరకు అప్పివ్వచ్చో సెంట్రల్ బ్యాంకు 2013లో హద్దు పెట్టింది. వ్యాపారులు కాని మామూలు మనుషులు కూడా కోర్టుకెళ్ళి, మూడేళ్ళ వరకు వాయిదాల్లో అప్పులు తీర్చే పథకం అడగొచ్చన్న చట్టం 2020 జనవరిలో అమలైంది. 2022 జనవరి నుంచి, మోసం లేకుండా డబ్బు చాలక తిరిగొచ్చిన చెక్కు నేరం కాదు. కానీ అప్పిచ్చినవాడు ఆ చెక్కుతో నేరుగా అమలు కోర్టుకే వెళ్ళొచ్చు, ప్రయాణ నిషేధమూ అడగొచ్చు.

ఇండియా వెళ్ళిపోతే అయిపోయిందిలే అన్న మాట మాత్రం ఇప్పుడు చెల్లదు. యుఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో నేరుగా దాఖలు చేసి అమలు చేయించుకునే వీలు కల్పిస్తూ భారత ప్రభుత్వం 2020 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ డిక్రీలో ఎవరి పేరుంటే వాళ్ళ ఆస్తికి దెబ్బ. ఇద్దరి జీతాలూ చూపించి తీసుకున్న లోనైతే భార్య పేరూ అందులో ఉంటుంది. మీరు సంతకం పెట్టిన కాగితం కాపీ మీ దగ్గరుందా, ఆయన ఆఫీసు డ్రాయర్లో ఉందా?