వరుసకు వెల: దర్శనం క్యూ నుంచి థీమ్ పార్కు దాకా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• ప్రవేశానికి, సౌకర్యానికి, వంతుకు చెల్లించే ధరల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• ఆలయాలు, రైళ్లు, సినిమా హాళ్లు, థీమ్ పార్కులలో ఈ ధరలు ఎలా మారాయో కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• పాత, కొత్త టికెట్ ధరలను పోల్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

క్యూలో నిలబడటానికి చరిత్ర ఏముంటుందని మీకు అనిపించవచ్చు. రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు చదివిన విద్యార్థికి ఈ సందేహం సహజం. అయితే ఒక సమాజం తనకున్న కొద్దిపాటి వనరును ఎవరికి ముందు, ఎవరికి వెనక ఇస్తుందన్నది ఆ సమాజ స్వభావాన్ని తెలిపే ప్రశ్న. "ముందు వచ్చినవారికి ముందు" అనే నియమం ప్రకృతి సిద్ధంగా వచ్చింది కాదు. పుట్టుక, హోదా, పరిచయం అనే కొలతలను పక్కన పెట్టి, వచ్చిన సమయం ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకునే నియమం అది. ఆ అర్థంలో క్యూ ఒక చిన్న ప్రజాస్వామ్య సంస్థ.

ఇప్పుడు ఆ క్యూ పక్కన రెండో క్యూ వచ్చింది. డబ్బు చెల్లించినవారు అందులో త్వరగా ముందుకు వెళతారు. థీమ్ పార్కుల్లో ఇది వ్యాపార పద్ధతి. మన ప్రాంతంలో చాలామందికి ఇది మొదట పరిచయమైంది ఆలయాల దగ్గర. ఆళ్లగడ్డలో ఉన్న విద్యార్థికి హైదరాబాదు పార్కు దూరమే కావచ్చు. అదే నంద్యాల జిల్లాలో ఉన్న శ్రీశైలం దూరం కాదు. అందుకే ఈ పాఠం ఇక్కడి నుంచి మొదలై అక్కడికి వెళుతుంది.

2. మెట్లు కట్టించిన కాలం

ఆళ్లగడ్డకు దగ్గరలోని అహోబిలం కొండలకు, శ్రీశైలానికి 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి మెట్లు కట్టించాడని ప్రసిద్ధి. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భంలో అహోబిలం దర్శించి నరసింహస్వామికి ఆభరణాలు సమర్పించాడు. ఈ రెండు ఉదాహరణల్లోనూ డబ్బు ఉంది, దాత కీర్తి ఉంది. అయితే మెట్ల విషయంలో ఆ డబ్బు చేసిన పని ఏమిటో గమనించండి. దాత ఖర్చు పెట్టిన తరవాత ఆ మెట్లు అతని వెనక వచ్చిన ప్రతి యాత్రికుడి ప్రయాణాన్నీ సులభం చేశాయి. ఒకరి సొమ్ము వల్ల మరొకరి ఎదురుచూపు పెరగలేదు.

అలాగని ఆ కాలంలో సమానత్వం ఉందని అనుకోకూడదు. గుడి గడప దాటే హక్కే చాలా కులాలకు లేదు. రాజుకు, సామంతుకు వరుస అనేదే ఉండేది కాదు. ఆ హెచ్చుతగ్గులు పుట్టుక మీద, అధికారం మీద ఆధారపడినవి. ధర పట్టిక మీద ఆధారపడిన తేడా తరవాత వచ్చింది.

3. యాత్రికుల పన్ను: తరగతులుగా భక్తులు

ఆ ధర పట్టిక స్పష్టంగా కనిపించే ఒక ఘట్టం పూరీ జగన్నాథ క్షేత్రంలో ఉంది. 1803లో ఒరిస్సాను ఆక్రమించిన ఈస్టిండియా కంపెనీ, 1806లో అక్కడ యాత్రికుల పన్నును తన నియమాల ప్రకారం వసూలు చేయడం మొదలుపెట్టింది. యాత్రికులను తరగతులుగా విభజించింది. అందరికంటే ఎక్కువ చెల్లించేవారిని "లాల్ యాత్రి" అనేవారు. ఉత్తరం నుంచి వచ్చే లాల్ యాత్రికి పన్ను 10 రూపాయలు. దక్షిణం నుంచి, అంటే గంజాం, ఉత్తరాంధ్ర వైపు నుంచి వచ్చేవారికి 6 రూపాయలు. అంతకంటే తక్కువ చెల్లించే తరగతులకు ఆలయంలోకి వెళ్లే రోజులు తక్కువ. ఇంగ్లండులో క్రైస్తవ మత ప్రచారకుల నుంచి కూడా తీవ్ర విమర్శలు రావడంతో 1840లో ఈ పన్నును రద్దు చేశారు.

తిరుమల ఆలయ నిర్వహణ కూడా 1843 వరకు కంపెనీ చేతుల్లోనే ఉండేది. ఆ సంవత్సరం దాన్ని హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు. 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం పరిపాలన ఏర్పడింది. ఆలయంలో భక్తుడు రుసుము చెల్లించి చేయించుకునే ఆర్జిత సేవలు పాతవే. అయితే సేవకు చెల్లించే రుసుము వేరు, వంతుకు చెల్లించే రుసుము వేరు. మొదటిదాంట్లో భక్తుడు ఒక పూజను కోరుకుంటాడు. రెండోదాంట్లో అందరికీ దొరికే దర్శనాన్నే తక్కువ సమయంలో కోరుకుంటాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఆర్జిత సేవ రుసుముకు, శీఘ్ర దర్శనం రుసుముకు తేడా ఏమిటి?

4. సౌకర్యానికి ధర: రైలు పెట్టె, సినిమా హాలు

ఆధునిక కాలంలో టికెట్ తరగతులను సామాన్యుడికి పరిచయం చేసింది రైలు. మూడో తరగతి పెట్టెల దుస్థితి గురించి గాంధీజీ 1917లో రాశారు. 1974లో మూడో తరగతి రద్దయింది. ఆ తరగతుల మధ్య అంతరం చాలా పెద్దది. అయినా ఒక విషయం మరిచిపోకూడదు. డోన్‌లో రైలెక్కిన మొదటి తరగతి ప్రయాణికుడు, మూడో తరగతి ప్రయాణికుడు నంద్యాలలో ఒకేసారి దిగేవారు. ఎక్కువ డబ్బుకు మెత్తటి సీటు దొరికింది గాని, ముందు చేరడం దొరకలేదు.

సినిమా హాలులోనూ ఇదే పద్ధతి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అనే తరగతులు మన పెద్దలకు బాగా తెలుసు. నేల టికెట్టువాడికి, బాల్కనీవాడికి బొమ్మ ఒకేసారి మొదలయ్యేది. ధర తేడా సౌకర్యానికే పరిమితం.

ఈ పద్ధతి 1990ల చివర్లో మారడం మొదలైంది. 1997 డిసెంబరులో రైల్వే తత్కాల్ పథకం తెచ్చింది. తత్కాల్ బెర్తు కొత్తగా చేర్చిన బెర్తు కాదు. ఉన్న బెర్తుల్లోనే కొన్నింటిని విడిగా ఉంచి, ఆలస్యంగా వచ్చినవారికి ఎక్కువ ధరకు ఇచ్చే ఏర్పాటు. 2016 సెప్టెంబరులో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో సీట్లు నిండేకొద్దీ ధర పెరిగే పద్ధతి వచ్చింది.

సినిమా రంగంలో ప్రభుత్వం జోక్యం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గ్రామ పంచాయతీలలోని ఏసీ లేని హాళ్లలో టికెట్లు 5, 10, 15 రూపాయలు. 2022 మార్చిలో వచ్చిన కొత్త ఉత్తర్వు కనీస ధరను 20 రూపాయలకు, గరిష్ఠ ధరను 250 రూపాయలకు మార్చింది. పెద్ద సినిమాలకు విడుదలకు ముందు వేసే ప్రత్యేక ప్రదర్శనలకు ఇంతకంటే ఎక్కువ ధరను అనుమతించారు. గమనించండి, ఆ ప్రత్యేక ప్రదర్శనలో ప్రేక్షకుడు కొంటున్నది మంచి కుర్చీని కాదు. అందరికంటే ముందు చూడటాన్ని కొంటున్నాడు.

5. థీమ్ పార్కు: వంతు సరుకుగా మారడం

1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ ప్రారంభమైంది. మొదట్లో ప్రవేశానికి ఒక టికెట్, సవారీలకు విడివిడిగా టికెట్లు ఉండేవి. సవారీల టికెట్లను అక్షరాల వారీగా పుస్తకాలుగా అమ్మేవారు. 1982లో ఆ పుస్తకాలు పోయి, ఒకే టికెట్టుతో అన్ని సవారీలు ఎక్కే పద్ధతి వచ్చింది. లోపలికి వెళ్లాక అందరూ సమానమే కాబట్టి, రద్దీని పంచడానికి క్యూ ఒక్కటే మిగిలింది. 1999లో "ఫాస్ట్‌పాస్" అనే ఏర్పాటు వచ్చింది. సందర్శకుడు ఒక చీటీ తీసుకుని, అందులో రాసిన సమయానికి వస్తే తక్కువ ఎదురుచూపుతో సవారీ ఎక్కవచ్చు. దానికి రుసుము లేదు. 2021లో దాని స్థానంలో డబ్బు చెల్లించే పద్ధతి తెచ్చారు. ఫ్లోరిడాలోని పార్కుల్లో అది రోజుకు 15 డాలర్లతో మొదలైంది. 2024 అక్టోబరులో కాలిఫోర్నియా పార్కులో ఇంకా పై స్థాయి పాస్‌ను 400 డాలర్లకు అమ్మారు. ప్రవేశ టికెట్ దీనికి అదనం. ఇరవై ఐదేళ్లలో ఉచిత సౌలభ్యం ఖరీదైన సరుకైంది.

మన దగ్గర వండర్‌లా సంస్థ 2000లో కొచ్చిలో, 2005లో బెంగళూరులో, 2016లో హైదరాబాదు శివారు రావిర్యాలలో పార్కులు తెరిచింది. అక్కడ మామూలు టికెట్టుతో పాటు, ఎక్కువ ధరకు "ఫాస్ట్‌ట్రాక్" టికెట్ ఉంటుంది. ధరల్లో పన్నుల పాత్ర కూడా ఉంది. 2015 జూన్ నుంచి ఇలాంటి పార్కుల ప్రవేశంపై సేవా పన్ను పడింది. 2017 జులైలో జీఎస్టీ 28 శాతంగా మొదలై, 2018 జనవరిలో 18 శాతానికి తగ్గింది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక సవారీ గంటకు 1,200 మందిని ఎక్కించగలదనుకోండి. మీ ముందు 1,200 మంది ఉన్నారు. మీ వంతు గంటలో వస్తుంది. మీ తరవాత వచ్చినవారిలో గంటకు 300 మంది త్వరిత టికెట్టుతో పక్క దారిలో ముందుకు వెళుతున్నారనుకుందాం. మీ వరుస ఇక గంటకు 900 మంది చొప్పునే కదులుతుంది. మీ వంతు ఒక గంట ఇరవై నిమిషాలకు వస్తుంది. సవారీ వేగం పెరగలేదు, కొత్త పెట్టె చేరలేదు. వారికి మిగిలిన సమయంలో కొంత మీ దగ్గర నుంచి వెళ్లింది. దానికి ధర నిర్వాహకుడికి ముట్టింది, మీకు కాదు.

ఇందులో మరో చిక్కు ఉంది. మామూలు వరుస ఎంత పొడవైతే త్వరిత టికెట్టుకు అంత గిరాకీ. కాబట్టి వరుసను తగ్గించే బాధ్యత ఉన్నవారికే అది పొడవుగా ఉండటం లాభం. పార్కులు దీనికి ఒక జవాబు చెబుతాయి: ఉన్నవారి దగ్గర ఎక్కువ తీసుకుంటే మామూలు టికెట్ ధరను అదుపులో ఉంచవచ్చని. ఆ జవాబును చరిత్ర విద్యార్థి ధరల పట్టికతో సరిచూడాలి.

సరిచూసేటప్పుడు జాగ్రత్త అవసరం. ఫ్లోరిడా డిస్నీ పార్కుకు 1971లో ప్రవేశం 3.50 డాలర్లు, ఇటీవల రద్దీ రోజుల్లో 180 డాలర్లు దాటింది. ఈ రెండు అంకెలను నేరుగా పోల్చడం తప్పు. 3.50 డాలర్లలో సవారీలు లేవు. పన్నెండు సవారీల పుస్తకంతో కలిపి 5.75 డాలర్లు అయ్యేది. ద్రవ్యోల్బణాన్ని కలిపితే అది 2024 నాటి సుమారు 45 డాలర్లకు సమానం. ఇలా సరిచేసినా పెరుగుదల పెద్దదే. త్వరిత టికెట్ల ఆదాయం వచ్చినంత మాత్రాన ప్రవేశ ధర ఆగలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
పై లెక్కలో త్వరిత టికెట్టువారు గంటకు 600 మంది అయితే మీ వంతు ఎంతసేపటికి వస్తుంది?

6. మళ్లీ మన కొండల దగ్గరికి

పార్కు ప్రైవేటు వ్యాపారం. నచ్చకపోతే మానుకోవచ్చు. ఆలయం విషయంలో అలా చెప్పి ఊరుకోలేం. ఇటీవలి సంవత్సరాల్లో శ్రీశైలంలో ఉచిత దర్శనంతో పాటు 150 రూపాయల శీఘ్ర దర్శనం, 300 రూపాయల అతి శీఘ్ర దర్శనం, 500 రూపాయల స్పర్శ దర్శనం ఉన్నాయి. తిరుమలలో సర్వదర్శనంతో పాటు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది. 2019లో శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయల విరాళం ఇచ్చినవారికి మరో 500 రూపాయలతో బ్రేక్ దర్శనం ఇచ్చే పథకం మొదలైంది. అదే ఏడాది ప్రముఖుల బ్రేక్ దర్శనంలో ఉన్న ఎల్1, ఎల్2, ఎల్3 అనే విభాగాలను రద్దు చేశారు.

ఇక్కడ రెండు వైపుల వాదనా వినాలి. చెల్లింపు దర్శనం వల్ల వచ్చే ఆదాయం ఆలయ నిర్వహణకు, భక్తుల వసతులకు పనికివస్తుందని ఒక వాదన. సెలవు దొరకని ఉద్యోగికి, దూరం నుంచి వచ్చినవారికి అది సౌలభ్యం అని మరొకటి. ఇంకా ముఖ్యమైనది, ధరను తీసేసినంత మాత్రాన వంతు న్యాయంగా పంచబడదు. కొరత ఉన్నచోట వంతును నాలుగు విధాలుగా పంచవచ్చు: డబ్బుతో, ఓపికతో, అదృష్టంతో, సిఫారసుతో. తిరుమల ఆర్జిత సేవలకు తీసే లక్కీ డిప్ మూడో పద్ధతి. ప్రజాప్రతినిధి ఉత్తరం నాలుగోది. డబ్బు దారి మూస్తే సిఫారసు దారి వెడల్పు కావచ్చు. ధర పట్టిక కనీసం గోడ మీద రాసి ఉంటుంది, సిఫారసు అలా ఉండదు.

ఎదుటి వాదన కూడా బలమైనదే. 300 రూపాయలు ఒకరికి చిల్లర, మరొకరికి ఒక రోజు కూలిలో పెద్ద భాగం. అందరికీ ఒకే ధర ఉన్నా అందరికీ ఒకే బరువు కాదు. కూలికి వెళ్లే మనిషి డబ్బు ఇవ్వలేక సమయం ఇస్తాడు. ఆ సమయం కూడా అతనికి కూలి డబ్బే. అంటే ఉచిత వరుస నిజానికి ఉచితం కాదు.

ఆ వరుసలో ఓపికతో పాటు ప్రాణం కూడా పణంగా పడవచ్చని ఈ మధ్యే చూశాం. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం ఉచిత టోకెన్ల కోసం గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. ఆ దుర్ఘటనకు చెల్లింపు దర్శనమే కారణమని చెప్పలేం. అది జనసమ్మర్ద నిర్వహణకు సంబంధించిన విషయం. అయితే ఒకటి చెప్పవచ్చు. ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నవారు ఇంట్లో కూర్చుని వేచి ఉంటారు. టోకెన్ కోసం వచ్చినవారు వీధిలో నిలబడి వేచి ఉంటారు. త్వరిత వరుస ఎంత బాగుందన్నది కాదు, మామూలు వరుస ఎంత భద్రంగా, ఎంత గౌరవంగా ఉందన్నదే ఒక సంస్థను అంచనా వేయడానికి సరైన కొలత.

7. సారాంశం

డబ్బుతో ప్రవేశం కొనడం, సౌకర్యం కొనడం, వంతు కొనడం మూడు వేర్వేరు విషయాలు. రైలు తరగతులు, నేల–బాల్కనీ టికెట్లు సౌకర్యాన్ని అమ్మాయి. తత్కాల్, శీఘ్ర దర్శనం, ఫాస్ట్‌ట్రాక్ వంతును అమ్ముతాయి. వంతు అమ్మినప్పుడు ఒకరికి మిగిలిన సమయం మరొకరి సమయం నుంచి వస్తుంది. కొండకు మెట్లు కట్టించిన సొమ్ము వెనక వచ్చేవారి దారిని సులభం చేసింది. త్వరిత టికెట్ సొమ్ము కూడా ఆ పని చేయాలంటే, దాని ఆదాయం మామూలు వరుసను పొట్టిగా చేయడానికి ఖర్చు కావాలి. మామూలు వరుసకు కేటాయించే వాటా ఎంతో ముందే బహిరంగంగా ప్రకటించాలి. ఆలయం, రైల్వే వంటి సంస్థలను ఈ రెండు ప్రశ్నలూ అడిగే హక్కు పౌరుడిగా మీకు ఉంది.

8. కృత్యం

మీ ఊళ్లోని ఒక సినిమా హాలు, మీరు వెళ్లే ఒక ఆలయం ఎంచుకోండి. ఇంట్లో పెద్దలను అడిగి, పాత టికెట్ ముక్కలు, రసీదులు చూసి, వివిధ కాలాల్లో ఉన్న తరగతులు, ధరలు పట్టికగా రాయండి. ప్రతి ధర పక్కన అది ప్రవేశానికా, సౌకర్యానికా, వంతుకా అని గుర్తించండి. ఆ కాలంలో ఒక రోజు వ్యవసాయ కూలి ఎంతో కూడా రాస్తే పోలిక అర్థవంతంగా ఉంటుంది.

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పూరీలో కంపెనీ వసూలు చేసిన యాత్రికుల పన్ను స్వభావాన్ని తెలపండి.
2. తత్కాల్ పథకం వంతుకు ధర కట్టడం ఎలా అవుతుంది?

II. క్రింది ప్రశ్నకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. "ఉచిత వరుస నిజానికి ఉచితం కాదు." ఈ అభిప్రాయాన్ని థీమ్ పార్కు, ఆలయం ఉదాహరణలతో చర్చించండి.