జాన్స్‌టౌన్‌లో ఇంటింటి లెక్క

శిశువు ఎందుకు చనిపోయిందని అడిగితే మరణ ధ్రువపత్రం ఒక్క ముక్కలో జవాబిస్తుంది: విరేచనాలు, న్యుమోనియా, నెలలు నిండని కాన్పు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో చాలామంది ఆ పైన తల్లుల అజ్ఞానాన్నీ తప్పుపట్టారు. 1912లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ బాలల బ్యూరో, తొలి అధిపతి జూలియా లాత్రోప్ నాయకత్వంలో, ఈ తీర్పును ఇళ్లలోనే పరీక్షకు పెట్టింది. పెన్సిల్వేనియాలోని ఉక్కు పట్టణం జాన్స్‌టౌన్‌లో 1913లో చేసిన సర్వే చావుల నుంచి కాక పుట్టుకల నుంచి బయల్దేరింది. 1911లో పుట్టిన బిడ్డల ఇళ్లకు మహిళా ఉద్యోగులు వెళ్లి, బిడ్డ బతికినా పోయినా అవే ప్రశ్నలు అడిగారు: ఏ పాలు పట్టారు, ఇల్లెలా ఉంది, తండ్రి సంపాదనెంత? అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. బతికిన బిడ్డల వివరాలు లేనిదే పోయిన బిడ్డల లెక్క ఏ కారణాన్నీ రుజువు చేయలేదు. అట్టడుగు ఆదాయపు ఇళ్లలో మరణాల రేటు, ఏడాదికి 1,200 డాలర్లు పైబడిన ఇళ్లకంటే దాదాపు మూడు రెట్లుగా తేలింది.

పేదరికం, అజ్ఞానం కలిసే ఉంటాయి కదా, దేన్ని తప్పుపట్టాలి అనే అభ్యంతరం బలమైనదే. తల్లిపాలు తాగిన బిడ్డలు ఎక్కువగా బతికారన్నదీ నిజమే. కానీ బ్యూరో ఇలాగే సర్వే చేసిన ఎనిమిది నగరాల లెక్కలను క్రోడీకరిస్తూ రాబర్ట్ వుడ్‌బరీ 1925లో వెలువరించిన నివేదికలో, మిగతా కారణాలను వేరుచేసి చూసినా ఆదాయం ప్రభావం మిగిలింది. పైగా భర్త కూలి చాలక పనికెళ్లే తల్లి సీసాపాలు పట్టడాన్ని అజ్ఞానం అనడం అన్యాయం. 1921 నాటి షెపర్డ్-టౌనర్ చట్టం మాత్రం నర్సులకు, తల్లుల శిక్షణకు నిధులిచ్చి కూలి రేట్ల జోలికి పోలేదు. 1929లో ఆ నిధులూ ఆగిపోయాయి.